మినీ లేత్‌కి ఏవి చేసుకోవాలి, ఏవి కొనుక్కోవాలి

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. ఈమధ్యే 7 బై 14 అంగుళాల మినీ లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ కోసే చిన్న మెషిన్) కొన్నాను. త్రీ జా చక్ (మూడు దవడలతో ముక్కని పట్టుకునేది), ఒక సెంటర్ (ముక్క చివర ఆనించే మొన), కొన్ని టూల్స్ వచ్చాయి, అంతే. మిగతా యాక్సెసరీలన్నీ ఆన్‌లైన్‌లో కొంటే లేత్ ధర దాకా వెళ్లేలా ఉంది. వీటిలో ఇంట్లో చేసుకోదగ్గవి ఏవి? దేనితో మొదలుపెట్టాలి? పార్టింగ్ (రాడ్ నుంచి ముక్కని కోసి విడదీయడం) చేస్తుంటే జాబ్, అంటే కోస్తున్న ముక్క, దడదడలాడిపోతోంది, దానికేం చేయాలి? కింది ఫ్లాట్ వాళ్లు సౌండ్ గురించి అప్పుడే ఒకసారి అడిగారు.

జవాబు:

పార్టింగ్ సంగతి ముందు చెప్పేస్తాను. దానికి కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు, ఉన్నదాన్ని బిగించుకుంటే చాలు. ఈ చిన్న లేత్‌లు డబ్బాలోంచి బయటికి వచ్చేటప్పుడు టూల్‌ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్, దాని మీద కోణానికి తిప్పగలిగే కాంపౌండ్ రెండూ సాధారణంగా వదులుగానే ఉంటాయి. స్లైడ్ పక్కన వరసగా చిన్న గ్రబ్ స్క్రూలు, వాటికి లాక్ నట్లు ఉంటాయి చూడండి. అవి గిబ్ స్క్రూలు. నట్లు వదులు చేసి, ఒక చివర నుంచి ఒక్కో స్క్రూనీ హ్యాండిల్ కాస్త బరువెక్కే దాకా తిప్పండి. తర్వాత వెంట్రుకవాసి వెనక్కి వదిలి, స్క్రూ కదలకుండా అలెన్ కీతో పట్టుకుని నట్ బిగించండి. ఈ పని సరిగ్గా చేస్తే సగం దడ అక్కడే పోతుంది. మిగతా సగానికి కారణాలు మామూలువే. పార్టింగ్ బ్లేడ్ బయటికి ఎక్కువ పొడుచుకుని ఉండటం, టూల్ మొన సెంటర్ ఎత్తులో లేకపోవడం, క్యారేజ్ (టూల్‌ని మోస్తూ బెడ్ పొడవునా జారే భాగం) లాక్ చేయకపోవడం, జాబ్‌ని చక్‌కి దూరంగా కోయడం. స్పీడ్ కూడా చూసుకోండి. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 320ని ఆ 25తో గుణించి మిల్లీమీటర్లలో జాబ్ వ్యాసంతో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 25 మి.మీ. రాడ్‌కి సుమారు 320. పార్టింగ్‌కి అందులో సగం పెట్టండి. ఒకసారి కోత మొదలయ్యాక భయపడి ఆగకండి. టూల్ రాసుకుంటూ నిలబడితేనే దడ పుడుతుంది, కోస్తూ ముందుకెళ్తుంటే తగ్గుతుంది.

ఇక యాక్సెసరీలు. ఏది చేసుకోవాలి, ఏది కొనాలి అనేదానికి నేను వాడే లెక్క ఒకటే. ఒక వస్తువుకి కావలసిన ఖచ్చితత్వం మీ లేతే ఇవ్వగలదా? ఇవ్వగలిగితే చేసుకోండి. హార్డెనింగ్, గ్రైండింగ్ లేకుండా ఆ ఖచ్చితత్వం రాదనుకుంటే కొనుక్కోండి. డ్రిల్ చక్, రివాల్వింగ్ సెంటర్, ఫోర్ జా చక్, ట్యాప్‌లు (రంధ్రంలో మర కోసేవి), డైలు (రాడ్ మీద మర కోసేవి), నర్లింగ్ వీల్స్ (పట్టు కోసం గరుకు అచ్చు వేసేవి) రెండో రకం. వాటి జోలికి పోవద్దు. డోవ్‌టెయిల్ (ఏటవాలు అంచుల గాడి) ఉన్న క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ (టూల్‌ని చటుక్కున మార్చుకునే పట్టు) కూడా మిల్లింగ్ సౌకర్యం లేనప్పుడు చిరాకు పని, ఇప్పటికి పక్కన పెట్టండి. మీ స్పిండిల్, అంటే చక్‌ని తిప్పే భాగం, తన ఇరుసు మీద తాను తిన్నగా తిరుగుతుంది, మీ బెడ్, అంటే క్యారేజ్ జారే అడుగు దిమ్మ, తిన్నగా ఉంది. ఈ రెంటి మీదా ఆధారపడి తయారయ్యే వస్తువులు చాలా ఉన్నాయి. వాటికి మంచి వెర్నియర్ కూడా పెద్దగా అవసరం పడదు.

అన్నిటికంటే ముందు టూల్ ఎత్తు చూసే గేజ్ చేసుకోండి, ఒక సాయంత్రం పని. 30 మి.మీ. రాడ్ ముక్కని రెండు వైపులా ఫేసింగ్ చేస్తే, అంటే చివరలు చదునుగా కోస్తే, దిమ్మె అవుతుంది. దాని మధ్యలో 5 మి.మీ. డ్రిల్ వేసి ఎం6 (6 మి.మీ. మెట్రిక్ మర) ట్యాప్ కొట్టండి. ఇంకో ముక్క నుంచి మేకులాంటిది ఒకటి తిప్పండి, పైన వెడల్పు టోపీ, కింద ఎం6 మర. టోపీ అడుగు భాగం చదునుగా, చక్కగా ఫేస్ అయి ఉండాలి. ఒక లాక్ నట్ వేసి దిమ్మెలోకి తిప్పండి. ఇప్పుడు దీన్ని ఏ ఎత్తుకి పెట్టాలి? కొలవొద్దు, లేత్‌నే అడగండి. చక్‌లో ఒక రాడ్ పెట్టి ఫేసింగ్ చేయండి. మధ్యలో చిన్న మొటిమ మిగిలితే టూల్ ఎత్తు సరిగ్గా లేదని అర్థం. తెగకుండా గుండ్రని పుల్లలా నిలబడితే టూల్ కిందికి ఉంది. మొన కోయకుండా ఆ మొటిమని నలిపి రాస్తుంటే పైకి ఉంది. టూల్ కింద పలచని రేకులు వేస్తూ, తీస్తూ మొటిమ మాయమయ్యే దాకా సరిచేయండి. అప్పుడు గేజ్‌ని క్రాస్ స్లైడ్ మీద నిలబెట్టి, టోపీ అడుగు సరిగ్గా టూల్ మొనకి తగిలేలా తిప్పి నట్ బిగించేయండి. ఇకమీదట ఏ టూల్ పెట్టినా మొనని ఆ టోపీకి ఆనిస్తే చాలు. రేకులకి పాత హ్యాక్‌సా బ్లేడ్ ముక్కలు, కూల్‌డ్రింక్ టిన్ను రేకు పనికొస్తాయి.

రెండోది టెయిల్‌స్టాక్‌కి (బెడ్ మీద చక్‌కి ఎదురుగా ఉండే భాగం) పెట్టే డై హోల్డర్. నా మట్టుకు నాకు చిన్న లేత్‌కి ఇంతకంటే విలువైన అనుబంధం లేదు. చేత్తో డై తిప్పితే మర వంకరగా పడటం అందరికీ అనుభవమే. దీనితో అది జరగదు. ఇందులో రెండే భాగాలు. టెయిల్‌స్టాక్‌లో కూర్చునే ఆర్బర్ ఒకటి, దాని రాడ్ మీద ముందుకీ వెనక్కీ జారే డై బాడీ ఒకటి.

ఆర్బర్‌కి ఎం.టి.2 టేపర్ (మోర్స్ టేపర్ నంబర్ 2, టెయిల్‌స్టాక్‌లో బిగిసే ఏటవాలు) మీరు తిప్పొద్దు. చివర మెత్తగా, మెషినింగ్ చేసుకోవడానికి వదిలేసిన ఎం.టి.2 బ్లాంక్ ఆర్బర్లు దొరుకుతాయి. కొనండి. ఎం.టి.3 నుంచి ఎం.టి.2కి మార్చే స్లీవ్ ఒకటి కూడా కొనండి. మీ స్పిండిల్ ఎం.టి.3 కాబట్టి స్లీవ్ ద్వారా ఆర్బర్ స్పిండిల్‌లోనే కూర్చుంటుంది. చివరన టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి, లైట్ కట్‌లతో ఆ మెత్తటి భాగాన్ని 12 మి.మీ. దగ్గరికి తిప్పుకోండి. చివరి కొలత ఇప్పుడే తేల్చొద్దు, అర మిల్లీమీటరు ఎక్కువ ఉంచండి.

బాడీకి 40 మి.మీ. మైల్డ్ స్టీల్ రాడ్, 50 మి.మీ. పొడవు చాలు. చక్‌లో బిగించి ఫేసింగ్, సెంటర్ డ్రిల్, తర్వాత 11.5 డ్రిల్ ఆరపార. బోరింగ్ టూల్‌తో ఆ రంధ్రాన్ని 12 దగ్గరికి తీసుకురండి. 12.03 వచ్చినా, 12.15 వచ్చినా కంగారు పడకండి. బాడీని చక్‌లోంచి విప్పకుండానే ముందు వైపు డై కూర్చునే గుంట కూడా బోర్ చేయండి. ఈ ఒక్క మాటా గట్టిగా గుర్తుపెట్టుకోండి. రంధ్రం, గుంట ఒకే బిగింపులో అయితే రెంటి మధ్యా తేడా రాదు. విప్పి మళ్లీ బిగిస్తే త్రీ జా చక్ ఎంత తప్పు తిరుగుతుందో అంత తప్పు మీ మరల్లోకి వచ్చేస్తుంది. గుంట కొలత పుస్తకంలో చూసి చేయకండి. మెట్రిక్ డైలు ఎం3 నుంచి ఎం6 దాకా 20 మి.మీ. వ్యాసం, ఎం8కి 25, ఎం10కి 30 అని స్టాండర్డ్ ఉన్నా, మన షాపుల్లో అంగుళాల కొలతల్లో బయటి వ్యాసం ఉన్న డైలు కూడా కలిసిపోయి ఉంటాయి. డై చేతికొచ్చాక కొలిచి, దానికంటే 0.1 మి.మీ. ఎక్కువ బోర్ చేయండి. లోతు డై మందమంత.

ఇప్పుడు ఆర్బర్ దగ్గరికి తిరిగి వెళ్లి, బాడీ దాని మీద ఆయిల్‌తో మెత్తగా జారే దాకా ఆ రాడ్‌ని కొంచెం కొంచెంగా తగ్గించండి. రంధ్రానికి రాడ్‌ని సరిపెట్టడం తేలిక, రాడ్‌కి రంధ్రాన్ని సరిపెట్టడం కష్టం. రంధ్రాన్ని ఖచ్చితమైన సైజుకి తెచ్చే రీమర్ ఖర్చు కూడా మిగులుతుంది.

డైని పట్టుకోవడానికి మూడు గ్రబ్ స్క్రూలు కావాలి. ఒకటి సరిగ్గా డై చీలిక మీదికి, మొన ఉన్నది. మిగతా రెండూ అటూ ఇటూ డై మీదున్న గుంటల్లోకి. వాటి స్థానాలు కూడా డైని గుంటలో పెట్టి గీసుకోండి. 4.2 డ్రిల్, ఎం5 ట్యాప్. మధ్య స్క్రూ బిగిస్తే డై విచ్చుకుని మర లావవుతుంది, పక్క స్క్రూలు బిగిస్తే ముడుచుకుని సన్నబడుతుంది. బాడీ పక్కన 6.8 డ్రిల్, ఎం8 ట్యాప్ వేసి టామీ బార్ (చేత్తో పట్టుకునే కడ్డీ) పెట్టండి. ఆ రంధ్రం మధ్య బోరు దాకా వెళ్తే ఇంకో ఉపయోగం ఉంది. రెండో వైపు 25 మి.మీ. డైకి గుంట చేయాలంటే చక్‌లో ఒక రాడ్‌ని మీ రంధ్రానికి సరిపోయేలా తిప్పి, దాన్ని విప్పకుండా బాడీని తిరగేసి దాని మీద తొడిగి, ఈ ఎం8 రంధ్రంలోంచి స్క్రూతో బిగించొచ్చు. అప్పుడు రెండో గుంట కూడా మొదటి రంధ్రంతో ఒకే ఇరుసు మీద ఉంటుంది. వాడేటప్పుడు మాత్రం టామీ బార్ చివర ఆర్బర్‌ని తాకకుండా చూసుకోండి, తాకితే బాడీ జారదు.

వాడకం చిన్న సంగతే. ఎం6 మరకి రాడ్‌ని 5.9కి తిప్పి, మొదట్లో ఛాంఫర్ ఇవ్వండి, అంటే అంచుని ఏటవాలుగా కోయండి. టెయిల్‌స్టాక్ దగ్గరికి తెచ్చి లాక్ చేసి, బాడీని చేత్తో జాబ్ మీదికి నొక్కుతూ చక్‌ని చేత్తో తిప్పండి. కటింగ్ ఆయిల్ ధారాళంగా వేయండి. ఒక చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి. కరెంటుతో తిప్పాలన్న తొందర వద్దు.

చక్‌ని చేత్తో తిప్పడం అన్నాను కదా, దానికే మూడోది, స్పిండిల్ హ్యాండిల్. ఈ లేత్‌ల డీసీ మోటార్‌కి తక్కువ స్పీడ్‌లో బలం ఉండదు. మర కోస్తూ భుజం (రాడ్ లావు మొదలయ్యే మెట్టు) దగ్గర ఆపాలంటే గుండె దడ. హ్యాండిల్ ఉంటే ఆ టెన్షన్ లేదు. స్పిండిల్ వెనక 20 మి.మీ. బోరులో విచ్చుకుని పట్టుకునే ప్లగ్ ఒకటి, దానికో పిడి. ప్లగ్‌ని మీ బోరులో వదులుగా జారేంతగా, సుమారు 19.9కి తిప్పండి. బోరులోకి కనీసం 40 మి.మీ. వెళ్లాలి. గేర్ కవర్ బయటికి ఎంత రావాలో మీ మెషిన్ మీద కొలుచుకుని మిగతా పొడవు పెట్టండి. మధ్యలో ఆరపార 8.5 డ్రిల్. లోపలికి వెళ్లే చివర శంకువు ఆకారంలో బోర్ చేసి, ఆ చివర నుంచి హ్యాక్‌సాతో నాలుగు చీలికలుగా కోయండి. పొడుగాటి ఎం8 బోల్టు చివర శంకువు ఆకారపు నట్ ఉంటుంది. బోల్టు బిగిస్తే నట్ లోపలికి లాక్కుని, ప్లగ్ విచ్చుకుని స్పిండిల్‌ని పట్టేస్తుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ప్లగ్ లోపలి శంకువూ నట్ బయటి శంకువూ ఒకే కోణంలో ఉండాలి. కాంపౌండ్‌ని 15 డిగ్రీలకి తిప్పి బిగించి, రెండు కోతలూ అదే సెట్టింగ్‌లో కానిచ్చేయండి. మీ స్కేల్ మీద 15 నిజంగా 14.6 అయినా ఫరవాలేదు, రెండూ అదే అవుతాయి. ప్లగ్‌లో మీ వైపు గోడని బోర్ చేయండి. నట్‌ని తిప్పేటప్పుడు శంకువు సన్న వైపు చక్ వైపుకి వచ్చేలా తిప్పండి. మామూలుగా మనం చేసే దానికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కానీ కాంపౌండ్ కదలకుండా రెండూ రావాలంటే దారి ఇదే. డ్రిల్, ట్యాప్ అయ్యాక సన్న వైపు దగ్గర పార్టింగ్ చేసి తీసేయండి. బోల్టుతో పాటు నట్ తిరిగిపోకుండా దాని పక్కన ఒక సన్న పిన్ను కొట్టి, చీలికలో కూర్చోబెట్టండి. కోణం మరీ తక్కువ పెడితే శంకువు ఇరుక్కుని విప్పడం కష్టమవుతుంది, అందుకే 15. పిడికి 25 బై 6 ఫ్లాట్ ముక్క, ఆకురాయికి వేసే చెక్క పిడి సరిపోతాయి.

దీనితో లెడ్ స్క్రూకి (క్యారేజ్‌ని నడిపే పొడవాటి మరకడ్డీ) హాఫ్ నట్ (దాన్ని పట్టుకునే, తెరిచి మూయగలిగే నట్) వేసి, భుజం దాకా మర కోయొచ్చు. భుజం దగ్గర ఆపి, టూల్ వెనక్కి తీసి, హ్యాండిల్‌ని వెనక్కి తిప్పుకుంటూ వచ్చేయండి. హాఫ్ నట్ అసలు తెరవరు కాబట్టి నట్‌ని మళ్లీ ఎక్కడ మూయాలో చూపే థ్రెడ్ డయల్ గొడవే లేదు. ఒకే ఒక్క షరతు, హ్యాండిల్ తొడిగే ముందు లేత్ కరెంటు ప్లగ్‌ని సాకెట్ నుంచి పీకి, దాన్ని బెంచ్ మీద మీ కళ్లెదుట పెట్టుకోండి. స్విచ్ ఆపితే సరిపోదు. హ్యాండిల్ ఉండగా మోటార్ తిరిగితే అది మణికట్టు విరిచేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

క్యారేజ్ స్టాప్ కూడా చేసుకోండి, ఒకే పొడవున్న ముక్కలు వరసగా చేయడానికి పనికొస్తుంది. అల్యూమినియం దిమ్మె, కింద బెడ్ అంచుని పట్టుకునే పట్టీ, రెండు అలెన్ బోల్టులు, ముందుకి ఒక ఎం6 స్క్రూ. ఎం6 పిచ్ సరిగ్గా 1 మి.మీ., కాబట్టి స్క్రూ తల మీద పది గీతలు పెడితే గీతకి 0.1 మి.మీ. బెడ్ మీది వి ఆకారానికి దిమ్మెని ఆకురాయితో సరిపెట్టడం ఓపిక పరీక్ష. ఉజ్జాయింపుగా గాడి చేసి, అందులో ఎం-సీల్ కలిపి నింపండి. బెడ్‌కి గ్రీజు దట్టంగా రాసి దిమ్మెని దాని మీద నొక్కి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీస్తే మీ బెడ్ అచ్చు దానిలో దిగి ఉంటుంది. ఆటో ఫీడ్‌లో మాత్రం క్యారేజ్‌ని స్టాప్‌కి కొట్టించొద్దు, గేర్ల పళ్లు పోతాయి.

పార్టింగ్‌లో గిబ్‌లు సరిచేశాక కూడా దడ మిగిలితే, కాంపౌండ్ తీసేసి దాని స్థానంలో ఒక ఘన దిమ్మె పెట్టడం అసలైన మందు. పోత ఇనుము దొరికితే మేలు, లేదా మైల్డ్ స్టీల్. పై, కింది ముఖాలని చక్‌లోనే ఫేసింగ్ చేసుకోవచ్చు. చతురస్రపు ముక్కకి ఫోర్ జా చక్ కావాలి, అది కొనాల్సినవాటిలో మొదటిది. దిమ్మె ఎత్తు కాంపౌండ్ ఎత్తుతో సమానంగా ఉంటే పాత టూల్ పోస్టే దాని మీద కూర్చుంటుంది. టేపర్ తిప్పాల్సి వచ్చినప్పుడు మళ్లీ కాంపౌండ్ పెట్టుకోండి. నేనైతే నెలల తరబడి దిమ్మెతోనే నడిపిస్తాను.

చీలిక బుష్షులు, మెత్తటి సెంటర్ లాంటివి విడిగా చేసిపెట్టుకునేవి కావు, అవసరం వచ్చినప్పుడు చేసేవి. మర ఉన్న ముక్కనో, పలచటి గొట్టాన్నో చక్ దవడల గాటు పడకుండా పట్టుకోవాలంటే అల్యూమినియం రింగుని జాబ్ సైజుకి బోర్ చేసి, ఒక చోట కోసి, మొదటి నంబర్ జాకి ఎదురుగా పంచ్ గుర్తు పెట్టుకోండి. చక్‌లోనే 60 డిగ్రీల మొన తిప్పి, విప్పకుండా వాడితే, దాన్ని మించి తిన్నగా తిరిగే సెంటర్ ఎక్కడా దొరకదు.

మెటీరియల్‌కి రాణిగంజ్ వెళ్లండి. రాడ్లు కిలోల లెక్కన అమ్ముతారు. మోసపోకుండా ఉండటానికి ఒక లెక్క. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు స్టీల్ రాడ్ బరువు కిలోల్లో వస్తుంది. 40 మి.మీ. రాడ్ మీటరు దాదాపు 9.9 కిలోలు, అంటే మీ డై హోల్డర్ ముక్క అరకిలో. అల్యూమినియం అయితే అందులో మూడో వంతు. ఈఎన్1ఏ అనే స్టీల్ గ్రేడ్ అడగండి, ఉంటే అది తీసుకోండి. చిన్న లేత్ మీద వెన్నలా తెగుతుంది, ఫినిష్ బాగుంటుంది. ఈఎన్8 కూడా నడుస్తుంది, కాస్త గట్టి. బాలానగర్ వైపు వర్క్‌షాపుల్లో కటింగ్‌లో మిగిలిన ముక్కలు తూకానికి ఇస్తారు, మనకి కావలసింది ఆ సైజులే. ఏ ముక్క ఏ గ్రేడో మాత్రం అడిగి, ఇంటికి రాగానే పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఆకురాళ్లు, హెచ్ఎస్ఎస్ ముక్కలు ఏరుకోవచ్చు. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ రాడ్ తెచ్చి తిప్పొద్దు. పై పొర గట్టిగా, లోపల మెత్తగా ఉండి టూల్‌ని తినేస్తుంది. పాత హైడ్రాలిక్ రాడ్లు కూడా అంతే, పైన హార్డ్ క్రోమ్ ఉంటుంది.

కింది ఫ్లాట్ వాళ్ల సంగతి. లేత్‌ని టేబుల్ మీద ఊరికే పెట్టొద్దు. 25 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు కలిపి దాని మీద బోల్టులతో బిగించి, టేబుల్ కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టండి. మీ మెషిన్‌లో ఎక్కువ చప్పుడు చేసేది మోటార్ కాదు, ఎడమ పక్కనున్న గేర్లు. ఫీడ్ గానీ మర కోయడం గానీ లేనప్పుడు వెనకున్న లీవర్‌ని న్యూట్రల్‌లో పెడితే లెడ్ స్క్రూ గేర్లు ఆగిపోతాయి, సగం సౌండ్ పోతుంది. గేర్ల మధ్య ఒక పలచని కాగితం పట్టేంత సందు పెట్టి, పళ్లకి కొంచెం గ్రీజు రాయండి. చతురస్రపు ముక్కల ఫేసింగ్ లాంటి ఠక్ ఠక్ మనే పనులు పగటిపూట పెట్టుకోండి.